ప్రవక్తనన్న మాటను తూచడం: ఒక బెంచ్ క్లర్కు పద్ధతి

మొన్న రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక మా మేనల్లుడు పక్కన చేరాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "మామూ, ఒకాయన నేను ప్రవక్తను అంటే, నిజంగా నమ్మి అంటున్నాడో నాటకమాడుతున్నాడో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. హాస్టల్లో ఎవరో ముహమ్మద్ ప్రవక్త (స) గురించే ఈ ప్రశ్న వేసి వాణ్ణి ఇరుకున పెట్టారట. నేను ఆలిమ్‌ను, అంటే మతశాస్త్రం చదివిన పండితుణ్ణి కాదు. మున్సిఫ్ కోర్టులో బెంచ్ క్లర్కుగా సాక్షుల మాటలు విని విని రిటైరైనవాణ్ణి. అందుకని నాకు తెలిసిన దారిలోనే చెప్పాను.

మొదట మహిమల జోలికి పోవద్దు. అక్కడ మొదలుపెడితే నమ్మేవాడు నమ్ముతాడు, నమ్మనివాడు నవ్వుతాడు, కేసు అంగుళం కదలదు.

ముందుగా శత్రువును బోనెక్కించు. ఇది నేను కనిపెట్టింది కాదు, ప్రవక్త మాటలూ చేతలూ కూర్చిన బుఖారీ హదీసుల మొదటి అధ్యాయంలోనే ఉంది. 628లో ప్రవక్తకూ మక్కావాళ్లకూ మధ్య హుదైబియా సంధి కుదిరింది. ఆ సంధి రోజుల్లోనే ప్రవక్త (స) ఉత్తరం రోమన్ చక్రవర్తి హిరఖల్‌కు (హెరాక్లియస్) చేరింది. ఆయన అప్పుడు జెరూసలేంలో ఉన్నాడు. వ్యాపారానికి వచ్చిన మక్కావాళ్లను పిలిపించి, ప్రవక్తకు దగ్గరి చుట్టం ఎవరని అడిగాడు. అబూ సుఫ్యాన్ ముందుకొచ్చాడు. ప్రవక్త మీద యుద్ధాలు నడిపిన మనిషి. చక్రవర్తి అతన్ని ముందు నిలబెట్టి, తోటివాళ్లను వెనక నిలబెట్టి, "ఇతను అబద్ధమాడితే మీరు చెప్పండి" అన్నాడు. ఆ ఏర్పాటు చదివినప్పుడల్లా మా పాత జడ్జిగారు గుర్తొస్తారు. వెనకవాళ్లు తనను అబద్ధాలకోరంటారన్న సిగ్గే లేకపోతే అబద్ధం చెప్పేవాణ్ణేనని అబూ సుఫ్యానే తర్వాత ఒప్పుకున్నాడు.

ఇక ప్రశ్నలు. వాళ్ల పూర్వీకుల్లో రాజులున్నారా? లేరు. ఉంటే పోయిన రాజ్యం కోసం ఆడుతున్న ఎత్తు అనుకోవచ్చు. ఇంతకుముందు మీలో ఎవరైనా ఈ మాట అన్నారా? లేదు. అనుంటే ఇతనూ ఆ పాటే పాడుతున్నాడనుకోవచ్చు. వెంట నడిచేది పెద్దలా, బలహీనులా? బలహీనులు. చేరినవాళ్లు విసుగుపుట్టి వెనక్కి పోతున్నారా? లేదు. ఈ మాట అనకముందు ఎప్పుడైనా అబద్ధమాడాడని మీరు అనుకున్నారా? లేదు. మనుషుల మీద అబద్ధం చెప్పనివాడు దేవుడి మీద చెబుతాడా అన్నాడు చక్రవర్తి. మాట తప్పుతాడా అని అడిగితే, "లేదు గానీ, ఇప్పుడు సంధిలో ఉన్నాం, ఏం చేస్తాడో చూడాలి" అన్నాడు అబూ సుఫ్యాన్. అంతకుమించి ఒక్క ముక్క కూడా ఇరికించలేకపోయాడట.

రెండో పని, తన మాట వల్ల తనకే నష్టం వచ్చిన చోట్లు వెతుకు. ప్రవక్త (స) పాలు తాగే వయసు కొడుకు ఇబ్రాహీం పోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ కోసమే సూర్యుడు చీకటయ్యాడన్నారు జనం. నాటకమాడేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నోరు మూసుకుంటే చాలు. ఎవరి చావు కోసమూ గ్రహణాలు పట్టవని ఆయన అందరి ముందూ చెప్పాడు. నాకు అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఇదే. మక్కా పెద్దలతో మాట్లాడుతూ గుడ్డివాడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్‌ను విసుక్కున్నందుకు దేవుడి నుంచి ఆయనకే వచ్చిన మందలింపు ఖుర్‌ఆన్ 80వ సూరాగా (అధ్యాయంగా) నిలిచిపోయింది. ఆయన భార్య హజ్రత్ ఆయిషా (ర) శీలం మీద నింద వచ్చినప్పుడు దాదాపు నెలపాటు వహీ (దేవుడి సందేశం) రాలేదు. మర్నాడే ఒక ఆయతు (ఖుర్‌ఆన్ వాక్యం) చెప్పేస్తే సరిపోయేది కదా! పోయేనాటికి ఆయన కవచం యవల కోసం ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉంది.

వ్యతిరేక సాక్ష్యాన్నీ ఫైల్లోనే ఉంచు. పెళ్లిళ్ల విషయంలో ఆయనకు ప్రత్యేక అనుమతి ఇచ్చిన ఆయతు ఉంది. దాని సందర్భంలో, మీ ప్రభువు మీ కోరిక తీర్చడానికి త్వరపడతాడని హజ్రత్ ఆయిషాయే (ర) అన్న మాటను బుఖారీ దాచలేదు. విమర్శకులు దీన్నే చూపిస్తారు. చూపించనీ. మనవాళ్లే రాసి ఉంచిన మాట అది.

పోల్చడానికి ముసైలిమాను తీసుకో. ఆ రోజుల్లోనే అరేబియాలోని యమామాలో తానూ ప్రవక్తనన్నాడు. భూమి సగం మాది, సగం మీదని ప్రవక్తకు (స) ఉత్తరం పంపాడు. వాటా అడిగాడంటే నాకు చాలు, రెండో సాక్షి అక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం కలిపేయకు. నిజాయితీ వేరు, నిజం వేరు. చీకట్లో రామయ్యను చూసి సోమయ్య అనుకున్న సాక్షి అబద్ధాలకోరు కాదు, పొరబడ్డాడంతే. నేను చెప్పిందంతా మొదటిదానికే పనికొస్తుంది. రెండోదానికి ఖుర్‌ఆన్ తెరిచి చదవాల్సిందే, దానికి నా క్లర్కు తెలివి చాలదు. ఇక ఈ రోజుల్లో ఎవరైనా నేను ప్రవక్తనంటే ముస్లింకు ఆ కేసు నంబరు కూడా పడదు. 33వ సూరా 40వ ఆయతు ఆయన్ను చివరి ప్రవక్త అంది.

మేనల్లుడు కాసేపు ఆలోచించి, "మామూ, అబూ సుఫ్యాన్ ఈ కథ చెప్పింది ముస్లిం అయ్యాకే కదా? అప్పుడది శత్రువు సాక్ష్యం ఎలా అవుతుందని ఆ హాస్టల్ వాడు అడిగితే?" అన్నాడు.

"అవును, 630లో మక్కా చేజిక్కినప్పుడు ముస్లిం అయ్యాడు. వాడు అడిగేదాకా ఎందుకు, ముందు నువ్వే చెప్పెయ్" అన్నాను.