జోయిస్ గంటపువ్వు: విత్తనం నుంచి టూఫా రాయి దాకా

జోయిస్ గంటపువ్వు ఆల్ప్స్ కొండల్లో పెరిగే చిన్న మొక్క. పెంపకంలో అది పోయిందంటే కారణం ఎక్కువగా రెండింట్లో ఒకటి. మొక్క మొదట్లో తడి నిలిచి కుళ్లడం, లేదంటే రాత్రికి రాత్రే స్లగ్గులు తినేయడం. స్లగ్గులంటే చిప్ప లేని నత్తలు. ఈ రెండింటినీ కాచుకుంటే మిగతాదంతా ఓపిక ఉన్నవాళ్లు చేయగలిగిన పనే.

దీని శాస్త్రీయ నామం కాంపాన్యులా జోయ్‌సీ. జూలియన్ ఆల్ప్స్, కామ్నిక్-సావిన్యా ఆల్ప్స్, కరవాంకే కొండలు, వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా పెరగదు. ఆ కొండల్లో ఎక్కువ భాగం స్లొవేనియాలోనే ఉంది, అంచులు మాత్రం ఇటలీ, ఆస్ట్రియాల్లోకి వెళ్తాయి. 18వ శతాబ్దం చివర్లో కార్ల్ జోయిస్ (1756–1799) దీన్ని సేకరించాడు. వృక్షశాస్త్రవేత్త వుల్ఫెన్ ఆయన పేరే పెట్టాడు.

ఎదిగిన మొక్క అరచేతిలో ఇమిడిపోతుంది. ఎత్తు అయిదు నుంచి పది సెంటీమీటర్లే. పువ్వు మాత్రం గంటపువ్వుల్లో వేరే దేనికీ లేని తీరులో ఉంటుంది. లేత నీలి గొట్టం కిందికి వేలాడుతుంది, మూతి దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా సన్నబడుతుంది. అయిదు రేకల కొనలూ లోపలికి మడుచుకుని నక్షత్రం ఆకారంలో మూతిని మూసేస్తాయి. మొక్క అసలుదో కాదో తేల్చుకోవడానికి ఇదే గుర్తు. ఈ పేరుతో వచ్చిన పొట్లంలో కాంపాన్యులా కాక్లియారిఫోలియా అనే ఇంకో గంటపువ్వు విత్తనాలు కలిసి ఉండే అవకాశం ఉంది. దాని గంట మూతి బాగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి మొదటి పువ్వు విచ్చగానే విషయం తేలిపోతుంది.

విత్తనం ఎక్కడిది

కొండ మీద నుంచి మొక్కనూ, విత్తనాన్నీ తేవద్దు. స్లొవేనియాలోని త్రిగ్లావ్ జాతీయ ఉద్యానవనంలో మొక్కలు కోయడం, పెకలించడం నిషేధం. పైగా రాతి పగులులోంచి లాగిన మొక్కకు వేరు తెగిపోతుంది, బతకదు. తోటల్లో పెంచిన మొక్కల విత్తనమే తీసుకోండి. ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్ లాంటి సంఘాలు సభ్యులకు ఏటా విత్తనాలు పంచుతాయి. వేరే దేశం నుంచి తెప్పించుకునేటప్పుడు మీ దేశపు దిగుమతి నిబంధనలు ముందే చూసుకోండి. విత్తనం ఎంత తాజాదైతే అంత మంచిది. వెంటనే చల్లకపోతే కాగితపు కవరులో పెట్టి, ఆ కవరును గాలి చొరబడని డబ్బాలో ఉంచి ఫ్రిజ్‌లో దాచండి.

వేసవి రాత్రుల్లో కూడా వేడి తగ్గని చోట మాత్రం దీని మీద శ్రమ పెట్టకండి. పగటి ఎండను నీడతో తప్పించొచ్చు గానీ రాత్రి చల్లదనాన్ని తెచ్చిపెట్టలేం.

చల్లడం

చలికాలం మధ్యలో మొదలుపెట్టాలి. ఏడు సెంటీమీటర్ల కుండీ చాలు. ఆకుమట్టి ఒక పాలు, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల సున్నపురాయి నలుసు రెండు పాళ్లు, గరుకు ఇసుక ఒక పాలు కలపండి. మెత్తటి ఇసుక పనికిరాదు. అది నలుసుల మధ్య సందులు పూడ్చి నీరు నిలబెడుతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, దాని జోలికే పోవద్దు.

విత్తనం దుమ్ములా ఉంటుంది. చిటికెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకచోటే కుప్పపడదు. పైన మట్టి కప్పకండి. మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి సన్న రాతి నలుసు ఒక్క పొర, అదీ పలచగా వేస్తే చాలు. పైనుంచి నీళ్లు పోస్తే విత్తనాలు కొట్టుకుపోయి అంచుకు చేరతాయి. అందుకే కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి, పైపొర తడి తేలగానే తీసేయండి.

తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు 2–5 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. చలి ఉన్న ప్రాంతమైతే బయట గాజు పలక కింద పెట్టొచ్చు, లేకపోతే ఫ్రిజ్ ఉంది. ఆ గడువు అయ్యాక 12–18 డిగ్రీల మధ్య, నేరుగా ఎండ తగలని వెలుతురులోకి మార్చండి. మొలకలు విడతలు విడతలుగా వస్తాయి. రెండు నెలల్లో ఏమీ రాలేదని కుండీ పారబోయకండి, ఇంకో చలికాలం గడిచాక మొలిచేవీ ఉంటాయి.

ఈ దశలో భయం నారుకుళ్లు. మొలకలు గుంపుగా ఉండి, గాలి ఆడక, పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే కాండం నేల దగ్గర నల్లబడి పడిపోతుంది. పలచగా చల్లడమే దీనికి అసలు మందు.

రాయిలో నాటడం

కుండీలోనూ పెంచొచ్చు గానీ దీనికి నిజంగా సరిపడే ఇల్లు టూఫా. ఇది సున్నపు నీటి ఊటల దగ్గర పేరుకునే తేలికపాటి రాయి, ఒళ్లంతా రంధ్రాలే. కింద తడి ఇసుకలో ఉంచితే నీటిని పైకి పీల్చుకుంటుంది, పైభాగం మాత్రం తొందరగా ఆరిపోతుంది. కొండ చరియ మీద ఈ మొక్కకు దొరికేది సరిగ్గా అదే. వేరు చల్లటి తడిలో ఉంటుంది, మొదలు పొడిగా ఉంటుంది.

గోడలకు వాడే డ్రిల్ బిట్‌తో 10–12 మిల్లీమీటర్ల వెడల్పు, ఏడు నుంచి పది సెంటీమీటర్ల లోతు రంధ్రం చేయండి. నిటారుగా కాకుండా రాయి పక్క ముఖంలోంచి 45 డిగ్రీల వాలుగా లోపలికి దిగాలి. వాలుగా ఉన్న రంధ్రంలో వాన నేరుగా మొక్క మొదట్లో పడదు. రాలిన పొడి పారేయకండి, తిరిగి నింపడానికి అదే కావాలి. రాయిని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి.

నారు వయసు విషయంలోనే చాలామంది దెబ్బతింటారు. బాగా పెరిగాక నాటుదామని ఆగితే వేళ్లు రంధ్రంలో పట్టవు, ముడిచి తోస్తే కుళ్లుతాయి. మూడు నాలుగు అసలు ఆకులు వచ్చినప్పుడే నాటాలి. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని నీళ్లలో మెల్లగా కడిగేయండి. తడిపిన సన్న పుల్లతో వేళ్లను సాగదీసి లోపలికి జార్చండి. టూఫా పొడి, ఇసుక సమంగా కలిపి కొద్దికొద్దిగా నింపుతూ, ప్రతిసారీ చుక్కల్లా నీళ్లు పోసి సర్దండి. లోపల గాలి ఖాళీ మిగిలితే వేరు అక్కడే ఎండిపోతుంది. చివర్లో మొక్క మొదలు పక్కన చిన్న టూఫా ముక్కను బిగించాలి. దాంతో మొక్క కదలదు, పొడి రాలదు.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు నీడలో ఉంచి, రాయిని రోజూ తుంపర నీళ్లతో తడపండి. కొత్త ఆకు కనబడిందంటే వేరు పట్టినట్టే. అక్కణ్నుంచి ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపు పెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దు.

టూఫా దొరకకపోతే లోతైన మట్టి కుండీలో పైన చెప్పిన మిశ్రమమే వాడి, మొక్క మొదలు చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన సున్నపురాయి నలుసు పరచండి. ఏటా వసంతం మొదట్లో కుండీ మార్చాలి.

నీళ్లు, ఎరువు, చలికాలం

వసంతం నుంచి పూత అయ్యేదాకా రాయి కింద ఉండే ఇసుక పళ్లెం తడి ఆరనీయకండి. శరదృతువు నుంచి తగ్గిస్తూ వచ్చి, చలికాలంలో చెమ్మ మిగిలేలా చూస్తే చాలు. మంచు, గడ్డకట్టే చలి దీనికి లెక్కే కాదు. ఇబ్బందల్లా చలికాలపు వానతోనే. పైన గాజు పలక వేసి పక్కలు తెరిచి ఉంచండి. మూసేస్తే గాలి ఆడక బూడిద రంగు బూజు వస్తుంది. ఎండిన ఆకులను పట్టకారుతో తీసేస్తూ ఉండాలి, బూజు మొదలయ్యేది వాటి మీదే.

ఎరువు దాదాపు అక్కర్లేదు. నత్రజని తక్కువున్న ద్రవ ఎరువును డబ్బా మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతుకు తగ్గించి, వసంతంలో రెండుసార్లు ఇస్తే సరిపోతుంది. అంతకు మించితే ఆకులు మెత్తగా ఏపుగా వస్తాయి, పూత తగ్గుతుంది, పేనుబంక పడుతుంది.

స్లగ్గులు, ఇతర శత్రువులు

స్లగ్గులకు ఈ మొక్కంటే ఎంత ఇష్టమో పెంచేవాళ్లందరికీ తెలుసు. ఒక్కటి చాలు, తెల్లారేసరికి మొక్క స్థానంలో మొదళ్లే మిగులుతాయి. ముఖ్యంగా వేలెడు కూడా ఉండని బూడిద రంగు రకం పగలంతా టూఫా రంధ్రాల్లోనే దాక్కుంటుంది. బయటి నుంచి రాకుండా ఎన్ని అడ్డాలు కట్టినా, రాయితోపాటు లోపలికి వచ్చినదాన్ని ఆపలేం. అందుకే రాయి తేగానే ఒక రోజు పూర్తిగా నీట ముంచి, తేలినవాటిని ఏరేయండి. కుండీ అడుగు రంధ్రం, నలుసు పొర కింద వెతకండి. పారదర్శకమైన చిన్న పూసలు గుత్తిగా కనిపిస్తే అవి గుడ్లే. మొక్క పెట్టిన బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచడం, వాన పడిన రాత్రి టార్చి పట్టుకుని చూడటం, స్లగ్గులను చంపే ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు నాలుగైదు వేయడం, ఈ మూడూ కలిపి చేయాలి. స్లగ్గులకు అడ్డుగా కుండీ చుట్టూ కట్టే రాగి పట్టీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతోందంటే కుండీ తిరగేసి చూడండి. వంకర తిరిగిన తెల్లటి పురుగులుంటే అవి ముక్కు పురుగు పిల్లలు, వేళ్లు తింటున్నాయన్నమాట. ఆ మట్టంతా పారేసి, వేళ్లు కడిగి కొత్త మిశ్రమంలో నాటండి. గాజు ఇంట్లో గాలి వేడెక్కి పొడిబారితే ఎర్ర నల్లి వచ్చి ఆకులపై లేత చుక్కలు పడతాయి.

మళ్లీ విత్తనం

పెంపకంలో ఇది ఎక్కువ కాలం బతికే మొక్క కాదు. ఏటా విత్తనం కట్టుకోవడం అలవాటు చేసుకోండి. చాలా గంటపువ్వులు తమ పుప్పొడితో తాము విత్తనం కట్టవు కాబట్టి వేర్వేరు విత్తనాల నుంచి వచ్చిన రెండు మొక్కలైనా ఉండాలి.

గంటపువ్వుల్లో పుప్పొడి మొగ్గలో ఉండగానే కీలం మీద, అంటే పువ్వు మధ్యనుండే సన్నటి కాడ మీద అంటుకుంటుంది. దాని కొన, అంటే పుప్పొడిని అందుకునే కీలాగ్రం, తర్వాతెప్పుడో విచ్చుకుంటుంది. కొత్తగా విచ్చిన పువ్వు గొట్టాన్ని ఒక పక్క చిన్న కత్తెరతో చీల్చి, కీలం మీది పుప్పొడిని మెత్తటి కుంచెతో తీసుకోండి. రెండో మొక్క మీద పాత పువ్వును అలాగే చీల్చి, కీలాగ్రం మూడు పాయలుగా విడిందో లేదో చూసి అద్దండి.

కాయ వేలాడుతూనే ముదురుతుంది. రంధ్రాలు కాడ వైపు తెరుచుకుని, గాలికి ఊగినప్పుడల్లా విత్తనం కొంచెం కొంచెంగా రాలిపోతుంది. ఆకుపచ్చ పోయి గోధుమ రంగు తిరుగుతుండగానే కాయ చుట్టూ పలచటి కాగితపు సంచి కట్టి, పూర్తిగా ఎండాక కాడతో సహా కోయండి.