వాన నీళ్లు పట్టుకుని మొక్కలకు పోయడం ఎలా?

పైకప్పు మీద పడే వానతో ఎన్ని నీళ్లొస్తాయో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే లీటరు, అంటే 50 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 500 లీటర్లు, కొంత ఆవిరైనా, కారిపోయినా 400 దాకా చేతికొస్తాయి. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటే పెడితే సగం వృథా, కుదిరితే రెండు పెట్టి అడుగున పైపుతో కలపండి.

ముదురు రంగు డ్రమ్ము తీసుకోండి, వెలుతురు సోకితే లోపల పాచి పడుతుంది. రసాయనాలు నిల్వ చేసిన డ్రమ్ము ఊరికే ఇచ్చినా వద్దు. నిండితే 200 కిలోల పైనే బరువుంటుంది కాబట్టి గట్టి ఇటుకల దిమ్మె కట్టి, కుళాయి కింద బకెట్ పట్టేంత ఎత్తులో పెట్టాలి. కుళాయిని అడుగు నుంచి నాలుగు వేళ్లు పైకి బిగిస్తే మడ్డి కిందే ఉండిపోతుంది.

అసలు జాగ్రత్త మొదటి వాన దగ్గరే. కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు అన్నీ అందులోనే కొట్టుకొస్తాయి, అందుకని కప్పు నుంచి దిగే పైపును కాసేపు పక్కకు తిప్పి ఆ నీళ్లు వదిలేసి, తేటగా వస్తున్నప్పుడే డ్రమ్ములోకి మళ్లించండి.

ఇక దోమలు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి మూతకీ, పైపు దూరే చోటికీ, నిండాక నీళ్లు బయటికి పోయే ఓవర్‌ఫ్లో గొట్టానికీ సన్నని జాలీ తప్పనిసరి, ఇందులో మాత్రం బద్ధకించకండి. ఆ గొట్టాన్ని గోడ పునాది వైపు కాకుండా చెట్ల పాదుల్లోకి వదలండి. ఈ నీళ్లు తాగడానికి పనికిరావు, ఆకుకూరలకైతే ఆకుల మీద పడకుండా మొక్క మొదట్లో పోయండి.