డెస్క్‌టాప్ హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పనితీరును అంచనా వేయడం ఎలా?

కొత్త ఆంప్లిఫయర్‌ను పాతదాని పక్కన పెట్టడం, హెడ్‌ఫోన్ జాక్‌ను అందులోంచి తీసి ఇందులో గుచ్చడం, చెవికి నచ్చినంత నాబ్ తిప్పడం, ఆపైన "దీనిలో బేస్ నిండుగా ఉంది, గాత్రం ముందుకొచ్చింది" అని తీర్పు చెప్పేయడం: విజయవాడలో ఆడియో మీద ఆసక్తి ఉన్నవాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా జరిగేది ఇదే. ఆ తీర్పు చెప్పేది ఆంప్లిఫయర్ల తేడాను కాదు, రెండింటిలో ఏది కాస్త బిగ్గరగా మోగిందన్న సంగతిని మాత్రమే. శబ్దస్థాయిని మీటర్ పెట్టి సమం చేయకుండా వేల రూపాయల వస్తువును మెచ్చుకోవడమూ తప్పే, తిరగ్గొట్టడమూ తప్పే. అందుకే మిగతా పనులను క్లుప్తంగా ముగించి, ఈ ఒక్క పనిని మాత్రం వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

లాప్‌టాప్, ఒక మంచి డాక్ (లాప్‌టాప్ ఇచ్చే డిజిటల్ సిగ్నల్‌ను ఆంప్లిఫయర్‌కు కావలసిన అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం, డీఏసీ), పరీక్షించవలసిన ఆంప్లిఫయర్, పోల్చడానికి మీకు బాగా అలవాటైన మరో ఆంప్లిఫయర్, మీరు రోజూ వాడే హెడ్‌ఫోన్, ఒక డాక్ నుంచి రెండింటికీ సిగ్నల్ ఇచ్చే ఆర్‌సీఏ వై కేబుళ్లు, 33 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు. బ్లూటూత్ పనికిరాదు. మీటర్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. బజారులో అన్నిటికంటే చవకగా దొరికే పసుపు రంగు చిన్న మీటర్‌కు ఏసీ వోల్టేజీలో 200, 750 అనే రెండే రేంజీలు ఉంటాయి. ఇంటి ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూడడానికి అది సరిపోతుంది కానీ, మిల్లీవోల్టులు చూడడానికి పనికిరాదు. ఏసీ మిల్లీవోల్ట్ రేంజి ఉండి, 0.1 మిల్లీవోల్టు వరకు చూపే మీటరే కొనాలి.

హెడ్‌ఫోన్ తగిలించక ముందు

పాట ఆపి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసి, పావుగంట తర్వాత అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజీ చూడాలి. ఎడమ, కుడి చానెళ్లు రెండింటిలోనూ 10 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 50 దాటితే ఆ ఆంప్లిఫయర్‌కు మీ హెడ్‌ఫోన్‌ను తగిలించవద్దు.

తర్వాత రొద. సున్నితమైన ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పాట లేకుండా, మామూలుగా వినే చోటికి నాబ్ తిప్పి వినాలి. సన్నటి బుస వినిపిస్తే అది ఆంప్లిఫయర్‌ది కావచ్చు. గుంయ్‌మనే హమ్ వినిపిస్తే మాత్రం వెంటనే ఆంప్లిఫయర్‌ను నిందించవద్దు. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల గ్రౌండ్ తీగలు వలయంగా కలిసిపోవడం వల్ల వచ్చేది. పోకపోతే ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ను కట్టేసి చూడండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ పరీక్ష చేయనే చేయవద్దు, ఆ కరకర శబ్దం మంచి ఆంప్లిఫయర్‌లోనూ వినిపించవచ్చు. ఏలూరు రోడ్డు పక్కనో, బెంజి సర్కిల్ దగ్గరో ఉండేవాళ్లకు పగటిపూట ఇంత సన్నటి రొద వినపడదు. వినికిడి పరీక్షలన్నీ తెల్లవారుజామున నాలుగు, అయిదున్నర మధ్య, ఫ్యానూ ఏసీ ఆపేసి చేయవలసినవే. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉండేవాళ్లు రైలు దాటిపోయేదాకా ఆగాలి.

శబ్దస్థాయిని సమం చేయడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. రెండు ఆంప్లిఫయర్ల మధ్య ఒక డెసిబెల్‌లో సగం తేడా ఉన్నా మన చెవి దాన్ని "ఇది బిగ్గరగా ఉంది" అని గుర్తించకపోవచ్చు. "ఇది మరింత స్పష్టంగా ఉంది, వాద్యాలు విడివిడిగా ఉన్నాయి" అని మాత్రం అనిపించగలదు. ఇందులో మన లోపం ఏమీ లేదు, చెవి నిర్మాణమే అలాంటిది. స్థాయి తగ్గేకొద్దీ మనిషి చెవికి కింది స్వరాలు మిగతా వాటికంటే ఎక్కువగా తగ్గిపోతాయని అమెరికా శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే గీతలు గీసి చూపించారు. కాబట్టి ఏది కాస్త ఎక్కువ స్థాయిలో మోగితే దానిలో బేస్ నిండుగా ఉన్నట్టే వినిపిస్తుంది. ఆ తేడా సర్క్యూట్‌లో నుంచి వచ్చింది కాదు, నాబ్ తిప్పిన చేతిలో నుంచి వచ్చింది.

సమం చేయడమంటే తేడా 0.1 డెసిబెల్‌లోపు ఉండడం. వోల్టేజీలో చెప్పాలంటే అది సుమారు 1.2 శాతం. మొదటిది 300 మిల్లీవోల్టులు ఇస్తుంటే రెండోది 297కూ 303కూ మధ్య ఉండాలి. చెవితో ఇంత దగ్గరికి ఎవరూ తీసుకురాలేరు, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే.

ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 400 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే స్వరం నిలకడగా మోగే శబ్దం) ఒకటి, పూర్తి స్థాయికి 12 డెసిబెళ్లు తక్కువగా తయారు చేసుకోండి. 1 కిలోహెర్ట్జ్ వాడమని చాలా వీడియోల్లో చెబుతారు కానీ, చవక మీటర్లలో చాలావాటికి ఏసీ కొలత 400 హెర్ట్జ్ వరకే నమ్మదగినది. రెండు ఆంప్లిఫయర్లకూ ఒకే తప్పు వస్తుంది కనుక సమం చేయడానికి ఇబ్బంది లేకపోయినా, తర్వాత పవర్ లెక్కకు ఆ అంకె పనికిరాదు. 50 హెర్ట్జ్ కూడా వద్దు, ఇంటి కరెంటు హమ్ అందులో కలిసిపోతుంది.

రెండు ఆంప్లిఫయర్లనూ వై కేబుల్‌తో డాక్‌కు కలిపి, రెండింటినీ ఆన్‌లోనే ఉంచాలి. ఒకదాన్ని వింటూ రెండోదాన్ని ఆఫ్ చేసే అలవాటు చాలామందికి ఉంది. కొన్ని ఆంప్లిఫయర్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు వాటి ఇన్‌పుట్ సర్క్యూట్ డాక్ మీద భారమై, వింటున్న ఆంప్లిఫయర్‌కు వెళ్లే సిగ్నల్‌నే చెడగొడుతుంది. గెయిన్ స్విచ్‌లు (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించేవి) రెండింటిలోనూ తక్కువ వైపు ఉంచండి. లాప్‌టాప్‌లో ఈక్వలైజర్, శబ్దాన్ని "మెరుగుపరిచే" సెట్టింగులు అన్నీ తీసేయండి.

ఇప్పుడు కొలత. హెడ్‌ఫోన్ జాక్‌కు తగిలించి ఉండగానే కొలవాలి, అయితే తలకు మాత్రం పెట్టుకోకూడదు. హెడ్‌ఫోన్ లేకుండా కొలిస్తే, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (అవుట్‌పుట్ దగ్గర ఆంప్లిఫయర్‌కు ఉండే సొంత నిరోధం) ఎక్కువ ఉన్న ఆంప్లిఫయర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక అంకె చూపి, హెడ్‌ఫోన్ తగిలించగానే కిందికి పడిపోతుంది. కాగితం మీద సమమైనవి చెవిలో సమం కావు. కొలవడానికి ఒక స్ప్లిటర్ పెట్టి, దాని రెండో సాకెట్‌లో ఖాళీ జాక్ గుచ్చి, ఆ జాక్‌కు అతికించిన తీగల మీద ప్రోబ్‌లు పెట్టాలి. జాక్ కొస ఎడమ చానెల్, మధ్య ఉంగరం కుడి చానెల్, కింది పొడుగు భాగం గ్రౌండ్. ప్రోబ్ మొనలను నేరుగా జాక్ మీద ఆనించవద్దు. చెయ్యి కాస్త జారినా కొసకూ ఉంగరానికీ ఒకేసారి తగిలి షార్ట్ అవుతుంది. షార్ట్ రక్షణ లేని ఆంప్లిఫయర్ అక్కడితో సరి. బాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో (ఉమ్మడి గ్రౌండ్ లేకుండా ఒక్కో చానెల్‌కు విడిగా పాజిటివ్, నెగెటివ్ తీగలు ఉండేది) అయితే నెగెటివ్ తీగలను గ్రౌండ్‌కు ఎప్పుడూ కలపకూడదు. నాలుగు పిన్‌ల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో 1, 2 ఎడమవి, 3, 4 కుడివి. ఎడమ చానెల్‌ను 1కీ 2కీ మధ్యనే కొలవాలి.

బాలెన్స్‌డ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. చాలా ఆంప్లిఫయర్లలో నాబ్ అదే చోట ఉన్నా బాలెన్స్‌డ్ అవుట్‌పుట్ మామూలు అవుట్‌పుట్‌కు రెట్టింపు వోల్టేజీ ఇస్తుంది. అంటే 6 డెసిబెళ్లు. కేబుల్ మార్చగానే సంగీతానికి ప్రాణం వచ్చిందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది విన్నది ఆ 6 డెసిబెళ్లనే. సమం చేసి విన్నాక కూడా తేడా ఉందంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మొదటి ఆంప్లిఫయర్‌ను 300 మిల్లీవోల్టుల దగ్గర ఆపండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఇది హాయిగా వినే స్థాయి. సున్నితమైన ఇయర్‌ఫోన్లకు 30 చాలు. రెండోదాని నాబ్‌ను ఊపిరి బిగబట్టినట్టు మెల్లగా తిప్పి అదే అంకెకు తీసుకురండి. అంకె నిలకడగా ఉందో లేదో పది క్షణాలు చూడండి. మెట్టు మెట్టుగా కదిలే వాల్యూమ్ ఉన్నదాన్ని ముందు పెట్టుకుని, మామూలు నాబ్ ఉన్నదాన్ని దానికి సరిపెట్టాలి. తలకిందులుగా చేస్తే ఎప్పటికీ కుదరదు. ఎడమ సరిపోయాక కుడి కూడా చూడండి. నాబ్ మొదట్లో చాలా ఆంప్లిఫయర్లలో రెండు చానెళ్లూ సమంగా ఉండవు. 300 ఉన్నచోట రెండోవైపు 280 వస్తే అది 0.6 డెసిబెల్ తేడా. అది ఆ ఆంప్లిఫయర్ లోపం, రాసిపెట్టుకోండి. టోన్ స్థాయిని కంప్యూటర్‌లోనే తగ్గించి, నాబ్‌ను ఇంకాస్త పైకి తీసుకెళ్లి, చానెళ్లు కలిసే చోట మళ్లీ సమం చేయండి.

అయ్యాక రెండు నాబ్‌ల మీదా కాగితం టేపు అంటించండి. వినేటప్పుడు ఎవరైనా "కొంచెం పెంచుదాం" అని చెయ్యి వేస్తే పని మొదటికొస్తుంది. హెడ్‌ఫోన్ మార్చినా మళ్లీ కొలవాలి.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి, ఫోన్ మైకును హెడ్‌ఫోన్ కప్పుకు ఆనించి సమం చేశామనేవాళ్లున్నారు. కప్పు కాస్త పక్కకు జరిగితేనే ఆ అంకె రెండు మూడు డెసిబెళ్లు మారిపోతుంది. సరిచేయవలసిన తేడా కంటే కొలతలో వచ్చే తప్పే పెద్దదైతే ఆ కొలతతో ప్రయోజనం లేదు. మల్టీమీటర్ పద్ధతిలో ఈ బెడద లేదు.

వినడం

ఏది మోగుతోందో మీకు తెలియకూడదు. ఇంట్లో ఒకరిని మీ వెనక కూర్చోబెట్టి, నాణెం ఎగరేసి పడినదాన్ని బట్టి మార్చమనండి, మాట్లాడవద్దని చెప్పండి. జాక్ పీకి గుచ్చేలోగా మొదట విన్నది మనసులో మసకబారిపోతుంది కాబట్టి, గ్రౌండ్‌తో సహా మూడు తీగలనూ ఒకేసారి మార్చే స్విచ్ పెట్టుకోవడం మంచిది. ఒకటి విడిచాకే రెండోదానికి తగిలే రకం స్విచ్ కావాలి, లేకపోతే రెండు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లు కలిసిపోతాయి. 16 సార్లు వింటే 12 సార్లు సరిగ్గా చెప్పాలి. ఏమీ వినపడకుండా ఊరికే ఊహించి చెప్పినా 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోయే అవకాశం నాలుగు శాతం లోపే కాబట్టి, అంతమాత్రం వస్తే తేడా నిజంగా ఉందని తీసుకోవచ్చు.

కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగే వాడాలి, సినిమా పాటలు వద్దు. తంబురా శ్రుతి, వయొలిన్ కమాను రాపిడి, మృదంగం ఎడమ వైపు గుంకారం, ఇవి మూడూ ఒకేచోట దొరికేది అక్కడే. సినిమా పాటల్లో చాలావాటిలో చిన్న, పెద్ద శబ్దాల తేడాను మిక్సింగ్‌లోనే నొక్కేసి ఉంటారు. ఒకే పాతిక సెకన్ల ముక్కను మళ్లీ మళ్లీ వినండి.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్, పవర్

హెడ్‌ఫోన్ తీసేసి అదే టోన్‌కు వోల్టేజీ చూడండి. 33 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఎడమ చానెల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టి మళ్లీ చూడండి. తగ్గిన వోల్టేజీని రెసిస్టర్ ఉన్నప్పటి వోల్టేజీతో భాగించి, 33తో గుణిస్తే ఇంపెడెన్స్ వస్తుంది. 500 మిల్లీవోల్టులు 485 అయితే అది సుమారు ఒక ఓమ్. ఇది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంప్లిఫయర్లలో ఇది చాలాసార్లు పదుల ఓమ్‌లు ఉంటుంది. 100 ఓమ్‌లు ఉందనుకుంటే, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ బేస్‌లో 500కు పెరిగేచోట దాదాపు 0.9 డెసిబెల్ ఎక్కువ వినిపిస్తుంది. ట్యూబ్ వెచ్చదనం అని మురిసిపోయేదానిలో కొంత భాగం ఈ లెక్కే.

పవర్‌కు పెట్టె మీద రాసిన వాట్లు చూడవద్దు. హెచ్‌డీ 600 ఒక వోల్టుకు 97 డెసిబెళ్లు ఇస్తుంది. పతాక స్థాయిలో 110 కావాలంటే సుమారు 4.5 వోల్టులు, అంటే 67 మిల్లీవాట్లు సరిపోతాయి. మీ ఆంప్లిఫయర్ 300 ఓమ్‌లకు ఆ 4.5 వోల్టులు ఇవ్వగలిగితే ఆ హెడ్‌ఫోన్‌కు అంతకు మించి అక్కర్లేదు. ఎలాగూ వారానికి 40 గంటలు వినేవాళ్లు సగటున 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చివరిగా వేడి. పాట మోగకపోయినా ఎక్కువ కరెంటు లాగే క్లాస్ ఏ రకం ఆంప్లిఫయర్ చలికాలంలో బాగానే ఉండి, మన మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో పెట్టె మీద చెయ్యి ఆననివ్వకుండా కాలిపోవచ్చు. మధ్యాహ్నం పూట పాట పెట్టి రెండు గంటలు నడిపి, పాట ఆపి, హెడ్‌ఫోన్ తీసి, డీసీ వోల్టేజీని మళ్లీ కొలవండి. ఉదయం 8 మిల్లీవోల్టులు చూపిన మీటర్ అప్పుడు 60 చూపిస్తే, వాపసు గడువు ముగియకముందే ఆ ఆంప్లిఫయర్‌ను వెనక్కి పంపండి.