ఊరి చర్చిలో పర్యావరణం ఎగ్జిబిషన్ పెట్టాలంటే ఏం చేయాలి

ముందు డేట్ సంగతి. అందరూ జూన్ 5 అంటారు, పర్యావరణ దినం కదా అని, కానీ మా చిత్తూరు పక్క జూన్ అంటే మామిడికాయల కోత, సగం ఊరు తోటల్లో ఉంటాది, మిగతా సగం పల్ప్ ఫ్యాక్టరీలో, ఇంక బొమ్మలు చూసేదెవరు. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 దాకా చాలా సంఘాలు సృష్టి కాలమని ప్రార్థనలు పెట్టుకుంటాయి, అందులో ఒక శని, ఆదివారం చూసుకోండి. అక్టోబర్ సగానికి పోనిచ్చినారంటే ఈశాన్య వానలు పట్టుకుంటాయి.

జూన్‌లో చేయాల్సింది ఒకటే, మామిడి టెంకలు ఏరి కడిగి ఎండబెట్టి గోతాల్లో పెట్టుకోవడం. సండే స్కూల్ పిల్లోళ్లకి ఇస్తే తాబేళ్లు, బల్లులు, ఏనుగులు ఏవేవో చేసేస్తారు. పలమనేరు, కుప్పం పక్కోళ్లకి ఏనుగు గురించి చెప్పాల్సిన పని లేదు, కౌండిన్య అడవిలోంచి దిగి చెరకు తొక్కిపోయిన కథ ఇంటికొకటి ఉంటాది, ఆ కథల్నే బొమ్మ పక్కన అట్టముక్క మీద రాయించండి.

ఇంక గుడ్డ మీద గీసే బొమ్మలకి రంగులు. అంగట్లో డబ్బాలు కొనొద్దు, మనకి పక్కనే శ్రీకాళహస్తి ఉంది. కలంకారీవాళ్లు నలుపు చేసేది తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో మూడు వారాల దాకా నానబెట్టి, దాన్ని కసిం అంటారు. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఎండబెట్టాల, పాలల్లో వెన్న ఉంటాది కాబట్టి గీత పక్కకి పాకదు, కరక్కాయా ఇనుమూ కలిస్తే నలుపు తిరుగుతుంది. కలానికి వెదురు పుల్ల చాలు, మొన వెనక ఊలో గుడ్డో చుట్టి దారం బిగించేయడమే. పాలు తగ్గిస్తే మాత్రం మీ ఏనుగు మబ్బులాగ అయిపోతాది, మాకు ఒక గుడ్డ అట్లే పోయింది.

బొమ్మలు తగిలించేటప్పుడు పాత సున్నం గోడకి మేకులు కొట్టొద్దు, పెచ్చులూడితే అయ్యగారికంటే ముందు పెద్దోళ్లే తిడతారు. కిటికీ ఊచల మధ్య పీచు తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి, ఫ్యాన్ కింద మాత్రం వద్దు. శనివారం ఆరాధన బెంచీలు కదిలించకుండా సగం బొమ్మలు వరండాలోనే పెడితే వేరే మతం వాళ్లు కూడా మొహమాటం లేకుండా వస్తారు, అది నాకు చాలా ముఖ్యం అనిపిస్తాది, చెరువు అందరిదీ కదా. ఆ వరండా నేల మీదే ముగ్గుపిండితో ఊరి చెరువూ కాలవలూ గీయించండి, ముసలోళ్లని కూర్చోబెట్టి ఒకప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో చూపించమనండి, మా దగ్గర జనం ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

బ్యానర్ సంగతి మర్చిపోయినా. మొదటేడు మేమే ‘ప్లాస్టిక్ వద్దు’ అని పేద్ద ఫ్లెక్స్ కొట్టించినాం, అది తగిలించినాక ఒక చిన్న పాప అడిగింది, ఇది ప్లాస్టిక్ కాదా అన్నా అని. అప్పటి నుంచి పాత దుప్పటి మీద కసింతోనే రాస్తా ఉండాం. టీ కూడా ఇంట్లో గ్లాసులు తెచ్చుకోమంటాం.

సోమవారం తాడు విప్పేటప్పుడు ముగ్గు చెరిపేయమాకండి, వానకి అదే పోతాది. టెంకలు ఎన్నాళ్లో ఎండినవి కాబట్టి మొలకెత్తవు, పిల్లోళ్లు దాచుకోగా మిగిలినవి పొయ్యిలోకి పనికొస్తాయి.