నిత్య ఇంగ్లీషు – 7వ పాఠం: ‘గెట్’తో పని చేయించుకోవడం

‘గెట్’ అంటే అందడం, రావడం, అవడం అని కిందటి పాఠంలో చూశాం. ‘ఐ గాట్ ఎ జాబ్’ అంటే ఉద్యోగం వచ్చింది. ‘ఇట్స్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది. అవి త్వరగానే పట్టుబడతాయి. అసలు చిక్కు ఈ పాఠంలో ఉంది.

మెకానిక్ దగ్గర బండి బాగుచేయించుకుని వచ్చి ‘ఐ రిపేర్డ్ మై బైక్’ అంటే, పానా పట్టుకుని మీరే బాగుచేశారని అర్థం. తెలుగులో ‘చేశాను’కి ‘ఇంచు’ కలిపితే ‘చేయించాను’ అయిపోతుంది. ఇంగ్లీషు క్రియకు అలా తగిలించే ప్రత్యయం లేదు. ఆ పని ‘గెట్’ చేస్తుంది:

ఐ గాట్ మై బైక్ రిపేర్డ్.

వరుస చూడండి: గాట్, తర్వాత వస్తువు, చివర్న క్రియ మూడో రూపం. వస్తువు మధ్యలోనే ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అనేస్తారు. మధ్యలో ఏమీ లేకపోతే అర్థమే తిరగబడుతుంది. ‘హీ గాట్ సస్పెండెడ్’ అంటే అతను సస్పెండ్ అయ్యాడు. ‘హీ గాట్ హిమ్ సస్పెండెడ్’ అంటే ఇంకొకణ్ణి సస్పెండ్ చేయించాడు! ఈ రెండూ పైకి నాలుగైదుసార్లు చదవండి.

ఎవరిచేత చేయించామో చెప్పాలంటే మనిషి పేరు తర్వాత ‘టు’ వస్తుంది: ‘షీ గాట్ హిమ్ టు ఈట్’. బుజ్జగించో బతిమాలో తినిపించింది. ‘షీ మేడ్ హిమ్ ఈట్’ అంటే వాడికి ఇష్టం లేకపోయినా తినిపించింది. ‘మేక్’ తర్వాత ఇక్కడ ‘టు’ రాదు. ఈ తేడా నాకు చాలా ఇష్టం; ఒప్పించడం, బలవంతపెట్టడం రెండింటికీ మనం ‘తినిపించింది’ అనే అంటాం కదా.

‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’ లాంటి వాక్యాల్లో ‘గాట్’ బదులు ‘హ్యాడ్’ కూడా వాడొచ్చు, మాట కాస్త లాంఛనంగా ఉంటుంది. అమెరికాలో ఉన్న మీ పిల్లల నోట ‘ఇట్ హ్యాజ్ గాటెన్ కోల్డ్’ అని వింటే తప్పనుకోకండి. అక్కడ మూడో రూపం ‘గాటెన్’, బ్రిటన్‌లో ‘గాట్’.

ఇవి ఇంగ్లీషులో రాయండి, జవాబులు 8వ పాఠంలో:

కళ్లు పరీక్ష చేయించుకున్నాను.
రేపు ఇంటికి రంగులు వేయిస్తున్నాం.
అన్నయ్యను ఒప్పించి సంతకం పెట్టించాను.
మా సామాను వానకు తడిసిపోయింది. (జాగ్రత్త, ఇందులో ఎవరూ ఎవరిచేతా ఏమీ చేయించలేదు.)