మెదడు, నరాల జబ్బులు – 4వ పాఠం: ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చూడాలి?

పోయిన పాఠంలో పక్షవాతం గురించి చదువుకున్నాం. అందులో మూతి వంకర, పడిపోయిన చెయ్యి డాక్టరుకి కూడా కనిపిస్తాయి. ఫిట్స్ అలా కాదు. ఆసుపత్రికి వెళ్ళేసరికి చాలావరకు అంతా అయిపోయి, మనిషి మామూలుగా కూర్చుని ఉంటాడు. అందుకే ఈ జబ్బులో పక్కనున్నవాళ్ళు చూసి చెప్పే మాటకు అంత విలువ. ఈరోజు నేర్చుకునేది అలా చూడటమే.

మా పెదనాన్నగారి అబ్బాయికి పదహారేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర మొదటిసారి ఫిట్స్ వచ్చింది. విస్తరి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ఎవరో తాళాల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టారు. ఇంకెవరో పళ్ళ మధ్య గరిటె దూర్చబోయారు. మర్నాడు నరాల డాక్టరుగారు అడిగారు: "ముందు ఏ చెయ్యి కొట్టుకుంది? ఎంతసేపు?" పావుగంట అని ఒకరు, అరనిమిషమేనని ఒకరు. ఏ చెయ్యో మాలో ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. ఆ బాధతోనే నేను ఇవన్నీ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మొదట ఏ భాగం కదిలిందో ఎందుకు అడుగుతారు? మెదడులోని కణాలు సన్నని కరెంటు సంకేతాలతో పనిచేస్తాయి. ఫిట్స్ వచ్చినప్పుడు ఒక గుంపు కణాలన్నీ అదుపు తప్పి ఒక్కసారే సంకేతాలు పంపుతాయి. చేతిని కదిలించే చోట మొదలైతే చెయ్యి ఎగురుతుంది. చూపుకి సంబంధించిన చోటైతే వెలుగులు కనిపిస్తాయి. మెదడంతా పాకితే తెలివి తప్పి పడిపోతారు. అంటే మొదటి కదలిక జబ్బు చోటు చెబుతుంది. లండన్‌లో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే డాక్టరు ఇది 19వ శతాబ్దంలోనే గ్రహించాడు. బొటనవేలి దగ్గర మొదలైన అదురు చేతి పొడవునా పాకడం గమనించి, మెదడులో ఏ చోటు దేన్ని కదిలిస్తుందో ఊహించాడు. అప్పటికి స్కానింగ్ లేదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు కరెంటును మొదటిసారి నమోదు చేసింది 1924లో.

ఇక మీ పని. ముందు గడియారం చూడండి. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. తాళాలకు పేరొచ్చింది అందువల్లే! 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ మొదలైనా, ఇదే మొదటిసారైనా, గర్భిణి అయినా 108కి ఫోన్ చెయ్యండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, చుట్టుపక్కల గట్టి వస్తువులు జరపండి, వీలవగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గట్టిగా పట్టుకోవద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా. నాలుక మింగేస్తారన్నది వట్టి భయం. గరిటె పెడితే పళ్ళు విరుగుతాయి.

సొమ్మసిల్లడం వేరు. ఎండలో నిలబడ్డప్పుడో, రక్తం చూసినప్పుడో ముఖం పాలిపోయి, చెమట పట్టి పడిపోతారు. ఒకటి రెండుసార్లు చేతులు అదరవచ్చు కూడా. పడుకోబెడితే నిమిషంలోపే తేరుకుని మామూలుగా మాట్లాడతారు. ఫిట్స్ తర్వాత చాలాసేపు అయోమయంగా ఉంటారు, నాలుక పక్కన కొరుక్కుని ఉండవచ్చు.

పడిపోకుండా వచ్చే ఫిట్స్‌ను మనం అసలు గుర్తించం. పద్యం అప్పజెబుతున్న పిల్ల మధ్యలో ఆగి పది సెకన్లు శూన్యంలోకి చూస్తుంది. పిలిచినా పలకదు. మళ్ళీ ఏమీ జరగనట్టే అందుకుంటుంది. పరధ్యానమని బడిలో తిట్లు తింటుంది. పెద్దవాళ్ళలో కొందరు ఊరికే చొక్కా గుండీలు తడుముకుంటారు, పెదవులు చప్పరిస్తారు, పేరు పెట్టి పిలిస్తే జవాబుండదు.

పెళ్ళి సంబంధాలు చెడతాయని ఇవన్నీ దాచేస్తారు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డుగా రాసి ఉన్న మూర్ఛ (అంటే ఈ ఫిట్స్ జబ్బే) అన్న మాటను 1999లోనే తీసేశారు. పది మందిలో ఏడుగురి దాకా సరైన మందులతో ఫిట్స్ లేకుండా బతకగలరు. కాకపోతే తగ్గింది కదా అని డాక్టరుకి చెప్పకుండా మందు ఆపకూడదు.

అభ్యాసం: ఇంట్లో ఎవరినైనా ఒక నిమిషం గమనించి, చేతులు ఏం చేశాయో, కళ్ళు ఎటు తిరిగాయో రాయండి. తర్వాత కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు గడిచాయనిపించినప్పుడు ఫోన్‌లో టైమ్ చూడండి. అప్పుడు ఈ నోటు చదవండి:

"మంగళవారం ఉదయం 6.40. రాత్రి నిద్ర లేదు. పళ్ళు తోముకుంటుండగా కుడి బొటనవేలు అదిరింది, తర్వాత మోచెయ్యి, తర్వాత మూతి కుడివైపు. 6.41కి పడిపోయాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. 6.43కి ఆగింది. 7 గంటల దాకా నా పేరు చెప్పలేకపోయాడు."

మెదడులో ఏ వైపు మొదలైంది? 1వ పాఠంలో బొమ్మ చూసి జవాబు రాసుకోండి. దాంతోనే 5వ పాఠం మొదలుపెడదాం.