పెరట్లో నిలిచే నీటికి పైపు కాలువ: వాలు కొలిచి వేయండి

వాన వెలిసి రెండు మూడు రోజులైనా పెరట్లో నీళ్లు ఇంకకపోతే చాలామంది ఒక ట్రాక్టరు మొరం తోలించి మెరక చేస్తారు. నల్లరేగడి నేలలో దానివల్ల నీళ్లు పోవు, గోడ వైపుకు జరుగుతాయి. నీటికి దారి కావాలి. కందకం తవ్వి, బట్ట పరిచి, కంకర మధ్యలో చిల్లుల పైపు పెట్టడమే ఆ దారి. దీన్ని ఫ్రెంచ్ డ్రెయిన్ అంటారు. ఫ్రాన్సుతో సంబంధం లేదు. 1859లో దీని గురించి రాసిన అమెరికా వాసి హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ ఇంటిపేరు అది.

ముందు నీళ్లు ఎక్కడికి పోవాలో తేల్చుకోండి. రోడ్డు మీద రోడ్డు వేసిన వీధుల్లో కాలువ అడుగు పెరటి కంటే ఎత్తులో ఉంటుంది. అలాంటి చోట పైపును వీధి కాలువలో కలిపితే కాలువ నీళ్లే పెరట్లోకి వస్తాయి. అప్పుడు సంపు కట్టి మోటారు పెట్టక తప్పదు. నల్లరేగడిలో ఇంకుడు గుంతను నమ్ముకోకండి, ఒక్క వానకే నిండిపోతుంది. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎప్పుడూ కలపకండి.

12 మీటర్ల కాలువకు కావలసినవి: 110 ఎం.ఎం. పీవీసీ పైపులు 3 మీటర్లవి నాలుగు, కడిగిన 20 ఎం.ఎం. కంకర సుమారు 75 ఘనపుటడుగులు, 2 మీటర్ల వెడల్పు జియోటెక్స్‌టైల్ బట్ట (నీటిని వదిలి మట్టిని ఆపేది) 13 మీటర్లు. కంకరలో డస్టు ఉంటే వెనక్కి పంపండి. బట్ట కంబళిలా మెత్తగా ఉండే నాన్ వోవెన్ (నేయని) రకం, 150 నుంచి 200 జి.ఎస్.ఎం.ది, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాములు తూగేది తీసుకోండి. సిమెంటు సంచులు కుట్టి వేస్తే నీళ్లు సరిగా దిగవు, గ్రీన్ నెట్ వేస్తే బురద దిగుతుంది. బట్టను పైపుకు మాత్రమే చుట్టడం కూడా నేను ఒప్పుకోను. పైపు చుట్టుకొలత చిన్నది, త్వరగా మూసుకుపోతుంది. చుట్టాల్సింది కంకర మొత్తానికి.

పునాదికి కనీసం 1.5 మీటర్ల దూరంలో 30 సెం.మీ. వెడల్పున, పై చివర 55 సెం.మీ. లోతున తవ్వడం మొదలుపెట్టండి. తొలకరి జల్లు పడ్డాక గడ్డపార సులువుగా దిగుతుంది.

పని చెడేది వాలు దగ్గరే. మీటరుకు 1 సెం.మీ. దిగాలి, అంటే 12 మీటర్లకు 12 సెం.మీ. ఇది కంటికి ఆనదు. చిన్న రసమట్టాన్ని జరుపుకుంటూ పోతే ప్రతిసారీ కాస్త తేడా వచ్చి చివరికి మొత్తం తప్పుతుంది. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్, అంటే నీళ్లు నింపిన పారదర్శకమైన ట్యూబు తీసుకోండి. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ట్యూబు 15 మీటర్లు ఉండాలి, లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. చూసేటప్పుడు రెండు కొసలూ తెరిచే ఉంచాలి. ఒక కొసను బొటనవేలితో మూస్తే కొలత అబద్ధం.

రెండు చివర్లా ఇనుప చువ్వలు పాతి ట్యూబు చూపిన ఒకే మట్టానికి దారం కట్టండి. పై చివర అది నేలకు 30 సెం.మీ. ఎత్తున ఉండాలి. పొడవాటి దారం మధ్యలో కుంగుతుంది, అందుకే ప్రతి 3 మీటర్లకు మరో చువ్వ వేసి ట్యూబుతో మట్టం చూసి కట్టండి. ఇక దారం నుంచి కందకం అడుగుకు కొలవండి: మొదట 85 సెం.మీ., మీటరు తర్వాత 86, ఆ తర్వాత 87, చివర 97. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఈ లెక్క మారదు.

ఎక్కడైనా ఎక్కువ తవ్వితే వదులు మట్టి పోసి సరిచేయకండి. అది తడిసి కుంగుతుంది, అక్కడ నీళ్లు నిలిచి బురద పేరుకుంటుంది. ఆ గుంటను కంకరతో నింపి దిమ్మిస కొట్టండి.

బట్ట పరిచి 8 సెం.మీ. కంకర పోసి పైపు పెట్టాక మళ్లీ కొలవండి. దారం నుంచి పైపు వీపుకు పై చివర 66, కింది చివర 78 సెం.మీ. రావాలి. సాకెట్టు (పక్క పైపు దూరే వెడల్పాటి కొస) ఎప్పుడూ పై వైపుకే ఉండాలి. దాని కింద కాస్త కంకర తీయకపోతే పైపు అక్కడ ఎత్తు లేస్తుంది. కప్పేముందు పై చివర బకెట్టు నీళ్లు పోసి చూడండి.

పైపుకు 8 ఎం.ఎం. చిల్లులు రెండు వరుసలుగా, 10 సెం.మీ.కి ఒకటి చొప్పున వేయించి, వాటిని కిందికి, కాస్త పక్కలకు తిప్పి పెట్టండి. పైకి పెడితే నీళ్లు పైపు ఎత్తు దాకా నిండేవరకు లోపలికి రావు. పై చివర ఎల్బో (వంపు ముక్క) పెట్టి నిలువు పైపు నేల పైకి తీసి మూత వేయండి. కింది చివర ఎలుకలు దూరకుండా జాలీ బిగించండి.

నేలకు 8 సెం.మీ. కింద వరకు కంకర నింపి, బట్ట అంచులు 20 సెం.మీ. ఒకదానిమీద ఒకటి వచ్చేలా మడిచి, ఆపైన 40 ఎం.ఎం. రాళ్లు పోయండి. అందం కోసం పైన మట్టి కప్పి గడ్డి వేయకండి. రేగడి నీటిని కిందికి వదలదు, అడుగున పైపు ఖాళీగానే ఉంటుంది.

ఏటా వానల ముందు పై రాళ్లు తీసి బట్ట మీది ఒండ్రు కడిగేయండి. నిలువు పైపులోంచి నీళ్లు వదలండి. కింది చివర ఎంతసేపటికీ బురద నీరే వస్తుంటే బట్ట ఎక్కడో చిరిగినట్టు.